ఉల్లిపాయలు సైనిక రహస్యమైన రోజులు

1971లో వానలు ఇంకా వెనక్కి తగ్గకముందే నన్ను పడమటి తీరంలో ఉన్న నౌకాదళ సిగ్నల్ శిక్షణ కేంద్రానికి పంపారు. అప్పటికి నా హోదా ట్రైనీ. అంటే అందరికీ సెల్యూట్ చేయవలసినవాడు, ఎవరి సెల్యూటూ అందుకోనివాడు. ఆ ఏడు డిసెంబరులో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో శత్రువు మా తీరానికి రాకుండా కాపలా ఉన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ వాక్యం నేను చాలా పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, రిటైరయ్యాక మా ఊరి హైస్కూల్లో మైకు ముందు కూడా చెప్పాను. ఇందులో అబద్ధమేమీ లేదు. శత్రువు మా తీరానికి రాలేదు. నేను ఆ తీరంలోనే ఉన్నాను. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేనెప్పుడూ అనలేదు. వినేవాళ్ళు అనుకుంటే కాదనలేదు, అంతే.

సిగ్నల్‌మన్ పనేమిటో ఈ కాలం వాళ్ళకి కొంచెం చెప్పాలి. ఓడకీ ఓడకీ మధ్య, ఓడకీ ఒడ్డుకీ మధ్య మాట మోసేవాడు సిగ్నల్‌మన్. వైర్‌లెస్‌లో మాట్లాడితే శత్రువూ వింటాడు కనుక, కనుచూపు మేరలో ఉన్న ఓడతో దీపం వెలిగించి ఆర్పుతూ మాట్లాడతాడు, లేదా రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకుని మాట్లాడతాడు. వచ్చిన సందేశంలో ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. అర్థం కాకపోయినా ఉన్నదున్నట్టు రాసి పైవాడికి అందించాలి. ఏ సంగతికైనా నాలుగింతలు కలిపి చెప్పడం పుట్టుకతో వచ్చిన నాలాంటివాణ్ణి ఏరి ఏరి ఈ శాఖలో ఎవరు వేశారో నాకిప్పటికీ తెలియదు. తరగతిలో నేను మొదటివాణ్ణి. సరే, మొదటి పదిమందిలో ఒకణ్ణి. తరగతిలో ఉన్నది పన్నెండుమందిమి.

యుద్ధం రాబోతోందని మాకు ముందుగా తెలిసింది వంటశాల నుంచి. నౌకాదళంలో వంటశాలని గ్యాలీ అంటారు. దసరా వెళ్ళాక గ్యాలీలోని వంటవాళ్ళని ఒక్కొక్కళ్ళనే తీసి ఓడల మీదికి పంపడం మొదలుపెట్టారు. ఓడ సముద్రంలోకి వెళ్ళేముందు మందుగుండు, నూనె, నీళ్ళు, వంటవాళ్ళు నిండుగా ఉండాలి. ఒడ్డున ఉన్న ట్రైనీలు పస్తున్నా యుద్ధం ఆగదు. ఆ ఖాళీల్లో మమ్మల్ని వంతులవారీగా వేశారు. పొద్దున దీపాల పాఠం, మధ్యాహ్నం కూరగాయలు.

వంతు అందరికీ మారింది, నాకు మారలేదు. కారణం నా చేతులు.

మా నాన్నగారు ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ సంతర్పణలకీ వంట చేసేవారు. వంటల కామేశంగారంటే రామచంద్రపురం దాకా తెలుసు. గాడిపొయ్యి అని నేలలో పొడుగ్గా తవ్వుతారు, దాని పొగలోనే నేను పెరిగాను. హైస్కూలు పరీక్ష పాసైన రోజున, జన్మలో గరిటె ముట్టనని ఆయన ముఖం మీదే అనేసి, కాకినాడలో నౌకాదళం ఎంపికలు జరుగుతుంటే వెళ్ళి చేరిపోయాను. "గరిటె అక్కర్లేనివాడు నాకూ అక్కర్లేదు. ఉత్తరాలేమైనా ఉంటే వాళ్ళమ్మకి రాసుకోమను" అని ఆయన నాతో కాదు, వీధి గుమ్మంతో చెప్పారు. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

అలాంటివాణ్ణి గ్యాలీలో అడుగుపెట్టిన మొదటిరోజు ఏం చేశానంటే, పెద్ద గుండిగలో అన్నం ఉడికిపోయి, దాన్నెలా దించాలో తెలియక మిగతా కుర్రాళ్ళు చుట్టూ నిలబడి చూస్తుంటే, ఆలోచించకుండా దాని మూతికి తడిగుడ్డ బిగించి కట్టి, చెవుల్లో కర్ర దూర్చి, అవతలి కొస ఇంకొకడి చేతికిచ్చి, గుండిగ వంచి గంజి వార్చేశాను. ఒక్క మెతుకు జారలేదు. చీఫ్ కుక్ నా వైపు ఎగాదిగా చూసి, మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడు. భూస్వామి అన్నాను. ఆయన నవ్వి, ఈ భూస్వామి కొడుకుని ఇక్కణ్ణుంచి కదపొద్దని డ్యూటీ బోర్డు మీద నా పేరు శాశ్వతంగా రాయించాడు.

ఇప్పుడు ఇంటికి ఏమని రాయాలి? గరిటె వద్దని దేశం ఈ చివర నుంచి ఆ చివరకి రైల్లో వెళ్ళి గరిటె పట్టుకున్నానని రాయాలా? అందులోనూ నా ఉత్తరాలు చదివేది శేషు. శేషు మా మేనమామ వెంకట్రామయ్యగారి కూతురు. మా అమ్మకి చదువు రాదు. నాన్నగారు నా ఉత్తరం ముట్టుకోరు. అందుకని పోస్టు వచ్చిందంటే రెండిళ్ళ అవతల నుంచి శేషు వచ్చి మా వీధి అరుగు మీద కూర్చుని పైకి చదివేది, ఇరుగుపొరుగు చేరి వినేవాళ్ళు. శేషుని నాకిస్తారని రెండిళ్ళలోనూ ఎప్పట్నుంచో ఉన్న మాట. మాఘమాసంలో తాంబూలాలు పుచ్చుకుందామని మావయ్య అన్నాడు కూడా. కాబట్టి ఉత్తరం అమ్మ పేరిట రాసినా నేను రాసింది శేషుకి. నచ్చిన పిల్లకి ఎవడైనా గంజి వార్చడం గురించి రాస్తాడా?

"అమ్మా, ఇక్కడ అలలు తాటిచెట్టంత ఎత్తున లేస్తున్నాయి. అందరూ పడుకున్నాక ఓడ పైతట్టు మీద నేనొక్కణ్ణే మేలుకుని నలుదిక్కులూ చూస్తుంటాను. కెప్టెన్‌గారు నన్నడగందే ఏ పనీ చేయరు" అని రాశాను. అప్పటికి నేనెక్కిన ఓడ ఒక్కటే. ఒడ్డుకి గొలుసులతో కట్టేసిన పాత ఓడ. పాఠం కోసం ఎక్కించి భోజనం వేళకి దించేశారు. కెప్టెన్‌గారిని ఒకసారి దూరం నుంచి చూశాను. చూసింది ఆయన్నేనా అన్నది రూఢి కాదు.

అప్పటికే మా ఉత్తరాలకి సెన్సార్ పెట్టారు. పద్ధతి ఇది: ఉత్తరం రాసి అతికించకుండా డివిజనల్ ఆఫీసర్‌కి అప్పగించాలి. డివిజనల్ ఆఫీసరంటే కొంతమంది ట్రైనీల మంచిచెడ్డలకి జవాబుదారీ అయిన అధికారి. ఊరిపేరు, ఓడపేరు, చేసే పని, ఎంతమందిమి ఉన్నామన్నది, ఎవరు ఎక్కడికి వెళ్ళారన్నది, చివరికి ఆకాశం మబ్బు పట్టిందో లేదో కూడా రాయకూడదు. రాస్తే నల్లసిరాతో కొట్టేసి, ముద్ర వేసి, ఆయనే పోస్టు సంచీలో పడేస్తారు. ముద్ర పడ్డ ఉత్తరం రాసినవాడికి తిరిగి ఇవ్వరు. మా ఆఫీసరుగారికి తెలుగు రాదు. అందుకని తెలుగు ఉత్తరాలన్నీ పెట్టీ ఆఫీసర్ పోలయ్యగారి దగ్గరికి వెళ్ళేవి. పెట్టీ ఆఫీసరంటే మాలాంటి నావికుల్లోంచే పైకొచ్చి మామీద పెత్తనం చేసే హోదా. పోలయ్యగారిది భీమిలి వైపు. నా ఉత్తరం చదివి నన్ను పిలిపించారు.

"ఏటిరా సూరీ, ఇందులో ఒక్క ముక్కైనా నిజముందేటి?"

"లేదు సార్."

"మరైతే నన్నేటి కొట్టెయ్యమంటావ్? నిజముంటే కదా కొట్టీడానికి! పో."

ఒక్క చుక్క సిరా పడకుండా నా ఉత్తరాలు వరసగా వెళ్ళాయి. ఒకదాన్ని మించి ఒకటి. మూడో ఉత్తరంలో తిమింగలం కూడా వచ్చింది.

కొన్నాళ్ళకి అమ్మ చెప్పగా శేషు రాసిన జవాబు వచ్చింది. గేదె ఈనడం, గోడ పడిపోవడం, నాన్నగారి దగ్గు, అన్నీ అయ్యాక అడుగున సన్నటి అక్షరాలు. "బావా, ఈ కింద రాసేది నా సొంతం. కెప్టెన్ నిన్నడక్కుండా ఏమీ చెయ్యడన్న ముక్క దగ్గర నాకు నవ్వాగలేదు. మా నాన్నకి మాత్రం నవ్వు రాలేదు. సముద్రంలో పడితే శవం కూడా దొరకదు, చూస్తూ చూస్తూ పిల్లనెలా ఇస్తాను అంటున్నారు. తునిలో మామిడిపళ్ళ కమీషన్ కొట్టు గుమాస్తా ఒకాయన ఉన్నాడట, వాళ్ళకి కబురు పెట్టారు. నువ్వెక్కడున్నావో ఏం చేస్తున్నావో కోతలు మానేసి ఉన్నదున్నట్టు రాయి. తుని వెళ్ళాలని నాకేం సరదాగా లేదు."

ఆ చివరి వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే మీరు నమ్మరు, ఎందుకంటే మళ్ళీ కలిపే చెబుతాను.

ఆరోజే కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మొదటి నుంచి చివరి దాకా నిజం రాశాను. "అమ్మా, భయపడకు. నేను ఓడ మీద లేను. ఒడ్డునే, శిక్షణ కేంద్రం వంటశాలలో ఉన్నాను. రోజుకి మూడు బస్తాల ఉల్లిపాయలు కోస్తున్నాను. కోస్తుంటే కళ్ళవెంట నీళ్ళు ఆగవు. అయినా తప్పదు. నాతో వచ్చినవాళ్ళలో చాలామందిని ఓడల మీదికి పంపేశారు. నేను మాత్రం ఇక్కడే మిగిలాను."

సాయంత్రం పోలయ్యగారు నన్ను పిలిపించారు. బల్లమీద నా ఉత్తరం ఆరబెట్టి ఉంది. సగం నల్లగా ఉంది, కింద ముద్ర కూడా పడింది.

"ఓడ మీద లేనంటే ట్రైనీలు ఒడ్డునే ఉన్నారని తెలిసిపోద్ది. వంటశాలంటే నీ డ్యూటీ. మూడు బస్తాలంటే ఎంతమందున్నారో లెక్కట్టీగలరు."

"ఉల్లిపాయలు కూడా రహస్యమేనా సార్?"

"ఉల్లిపాయలే అసలు రహస్యంరా. సిపాయిలెంతమందో ఎవుడూ చెప్పడు. ఉల్లిపాయలు చెప్పేస్తాయి."

అలా అయితే ఇంట్లోవాళ్ళకి నేను భద్రంగా ఉన్నానని ఎలా తెలుస్తుందని అడిగాను. నా మేనమామ సంగతి, తుని సంగతి చెప్పాను. ఆయనకి జాలి కలిగింది. కానీ నిబంధన నిబంధనే. "నిజం రాయమని నీకెవుడు చెప్పాడ్రా? ఇన్నాళ్ళూ శుబ్బరంగా రాసేవోడివి కదా, తాటిచెట్లూ తిమింగలాలూ. అలాగే రాసుకో, ఎన్నయినా పంపిస్తాను" అన్నారు. ఉద్యోగంలో తర్వాత నేను చాలా ఉత్తర్వులు చూశాను. వాటిలో చాలావాటి సారాంశం ఇదే.

ఆ ఉత్తరం మా ఊరు చేరేసరికి యుద్ధం మొదలైనట్టు రేడియోలో చెప్పారు. అరుగు మీద జరిగింది అమ్మ తర్వాత నాకు చెప్పింది. ఆరోజు మామూలుకంటే ఎక్కువమంది చేరారు. కరణంగారు అట్లాసు కూడా తెచ్చుకున్నారు. శేషు విప్పి చదివింది. కొట్టేసిన చోటల్లా ఏం చదవాలో తెలియక "నలుపు" అని చదివింది.

"అమ్మా, భయపడకు. నేను నలుపు. నలుపు ఉన్నాను. రోజుకి నలుపు కోస్తున్నాను. కోస్తుంటే కళ్ళవెంట నీళ్ళు ఆగవు. అయినా తప్పదు. నాతో వచ్చినవాళ్ళలో నలుపు. నేను మాత్రం నలుపు మిగిలాను."

కరణంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారట, "కరుణ గల కుర్రాడండీ. కోస్తూనే ఏడుస్తున్నాడు. పక్కవాళ్ళందరూ పోయినట్టున్నారు పాపం, తనొక్కడే మిగిలాడు."

అమ్మ గొల్లుమంది. మసి పూసినట్టున్న ఆ కాగితాన్ని ఇంట్లోకి తేవద్దని బయట చూరులో దోపించింది. మావయ్య లేచి వెళ్ళిపోయి, ఆ సాయంత్రమే తునికి ఉత్తరం రాశాడు, పిల్లని చూడ్డానికి రమ్మని. వాళ్ళు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. మాఘమాసం వెళ్ళేలోగా మావయ్య మాట చెప్పాలి. ఈ సంగతి రెండు వాక్యాల్లో శేషు నాకు రాసింది. ఈసారి అందులో సరదా, నవ్వు అన్న మాటలు లేవు.

ఇక్కడి నుంచి కథని నేను మామూలుగా చెప్పే పద్ధతి వేరు. సెన్సారు కళ్ళుగప్పి శేషుకి నిజం చేరవేయడానికి నేనొక రహస్య సంకేతం కనిపెట్టానని చెబుతాను. మా బంధువుల పిల్లల్లో ఒకడు దీన్ని కాలేజీ పత్రికలో రాశాడు కూడా. జరిగింది అది కాదు. జరిగింది ఏమిటంటే, పప్పు మాడింది.

గ్యాలీలో మిగిలిన చివరి అసలైన వంటవాణ్ణి కూడా ఓడకి పంపేశాక పప్పు నా చేతికి వచ్చింది. అక్కడివి నూనెతో మండే పొయ్యిలు. గాడిపొయ్యిలో అయితే మంట ఎక్కువైతే రెండు కట్టెలు వెనక్కి లాగుతాం. ఈ పొయ్యికి వెలగడం, ఆరడం రెండే తెలుసు. పైన పలుకు, అడుగున బొగ్గు. మొదటిరోజు ట్రైనీలు తిట్టారు. రెండోరోజు చీఫ్ కుక్ తిట్టాడు. మూడోరోజు ఎవరూ తిట్టలేదు, తినడం మానేశారు. యుద్ధం జరుగుతుండగా మనుషులకి అన్నం లేకుండా చేసినవాడికి ఏం శిక్ష ఉంటుందో చీఫ్ కుక్ నాకు వివరంగా చెప్పాడు.

గతిలేక నాన్నగారికి రాశాను. శేషు గానీ తుని గానీ ఆ క్షణాన నా బుర్రలో లేవు, ఈ మాట శేషుకి తెలియకూడదు. ఎంతమందికి వంటో రాస్తే పోలయ్యగారు కొట్టేస్తారు కనుక ఇలా రాశాను: "నాన్నగారికి నమస్కారాలు. మన గుళ్ళో కల్యాణం సంతర్పణకి మనం ఎత్తే పప్పంత పప్పు నూనె పొయ్యి మీద పెడితే అడుగంటుతోంది. మంట తగ్గే వీలు లేదు. ఏం చెయ్యమంటారు? ఉప్పు ఎప్పుడు, ఎంత?"

పోలయ్యగారు ఆ నాలుగు ముక్కలూ చదివి, మళ్ళీ చదివారు.

"కల్యాణం సంతర్పణంటే ఎంతమందిరా?"

"అది చెప్పకూడదు కదా సార్."

ఆయన చాలాసేపు సిరాబుడ్డి వైపు చూశారు. ఆ మధ్యాహ్నం పప్పు ఆయన కూడా తిన్నారు. ముద్ర తీసి చేత్తో పట్టుకుని, "జవాబు వేగిరం రాయమన్నావా లేదా? కిందన రాయి" అని, నేను రాశాక ఠప్పున కొట్టారు. సైనిక రహస్యానికీ కడుపుకీ మధ్య పోటీ వస్తే ఏం జరుగుతుందో ఆ రోజు చూశాను.

అరుగు మీద శేషు ఆ ఉత్తరం చదువుతూ మధ్యలో ఆగిపోయిందట. మొదటి నుంచి మళ్ళీ చదివిందట. తర్వాత లేచి చూరులోంచి ఆ నల్ల కాగితం లాగి, రెండూ పక్కపక్కన పెట్టుకుని, నలుపు ఉన్న చోటల్లా తనే నింపుకుంటూ చదివింది.

"అత్తయ్యా, ఏడుపాపు. బావ ఎవర్నీ కొయ్యట్లేదు. ఉల్లిపాయలు కోస్తున్నాడు. ఓడ లేదు, తిమింగలం లేదు. ఒడ్డున కూర్చుని పప్పు మాడుస్తున్నాడు."

కరణంగారు అట్లాసు మూసేశారు. లోపల పడకకుర్చీలోంచి నాన్నగారి గొంతు వినిపించింది. నా ఉత్తరం గురించి ఆయన నోరు విప్పడం అదే మొదలు. "నూనె పొయ్యి మీద కందిపప్పా! ఎవడు పెట్టమన్నాడు వాణ్ణి!"

మావయ్య రైసుమిల్లులో పని చూసుకుని వచ్చేసరికి సంగతి ఆయన చెవిన పడింది. అల్లుడు ప్రాణాలతో, ఒడ్డున, నీడపట్టున ఉన్నాడని తెలిసిన మనిషి సంతోషించాలి కదా. మావయ్య ముఖం ఇంకా ముడుచుకుంది. "వంటవాడా? మా అక్కని గరిటె పట్టుకున్నవాడికి ఇచ్చాం, అది జన్మంతా పొగలో దగ్గుతోంది. పిల్లనీ అందులోకే తొయ్యమంటారా? తుని వాడు హాయిగా కుర్చీలో కూర్చుంటాడు" అన్నాడట.

శేషు గుమ్మంలో నిలబడి అడిగిందట, "యుద్ధంలో చస్తాడని వద్దన్నారు. వంట చేసుకు బతుకుతున్నాడని వద్దంటున్నారు. బావ ఏం చేస్తే ఇస్తారు నాన్నా, అది చెప్పండి. ఉత్తరం రాస్తాను."

కుర్రాడు సెలవు మీద వస్తాడుగా, ఎదురుగా కూర్చోబెట్టి అడిగాకే తునికి మాట చెబుతానని మావయ్య వాయిదా వేశాడు.

నాన్నగారి కార్డు నాకు చేరేసరికి యుద్ధం ముగిసింది. పప్పు సమస్య ముగియలేదు, ఓడల మీదికి వెళ్ళిన వంటవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. కార్డు మీద చిరంజీవి అని లేదు, ఆశీస్సులు లేవు. "పప్పు ముందు దోరగా వేయించు. మంట తగ్గకపోతే రేకులో ఇసుక పోసి దానిమీద గుండిగ పెట్టు. ఉప్పూ చింతపండూ పప్పు మెదిగాకే. ముందు వేస్తే పలుకు మిగులుతుందని ఎన్నోసార్లు చెప్పాను, నువ్వు వినే రకం కాదు. అడుగంటితే కలపకు, పైపైన తీసి వేరే దాంట్లోకి మార్చు. ఉప్పు, కుంచం పప్పుకి నా గుప్పెడు. నీ గుప్పెడు చిన్నది." అంతే. కింద సంతకం కూడా లేదు.

ఇసుక సంపాదించడం చాలా సాహసంతో కూడిన పని. శత్రు విమానాల భయం మధ్య సముద్రపు ఒడ్డుకి పాకుతూ వెళ్ళి తెచ్చానని నేను చెప్పిన మాట మీరెక్కడైనా విని ఉంటే మరిచిపోండి. నిప్పంటుకుంటే చల్లడానికి వరండాలో ఎర్ర బకెట్లలో ఇసుక ఉంచుతారు. అది ఒంపుకొచ్చాను. పప్పు వెన్నలా ఉడికింది. బకెట్లు ఖాళీగా ఉన్నందుకు తనిఖీలో దొరికిపోయి, నెత్తిమీద తుపాకీ ఎత్తిపట్టుకుని మైదానం చుట్టూ పరిగెత్తాను. ఆ యుద్ధానికి సంబంధించి నేను ఆయుధం పట్టిన సందర్భం అదొక్కటే, అదీ యుద్ధం అయిపోయాక.

ఫిబ్రవరిలో సెలవు దొరికింది. దారి పొడుగునా రైల్లో కూర్చుని మావయ్యకి ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. వంట అన్నది పైకి వేషమనీ, దాని వెనక నేను చేస్తున్నది వేరే రహస్యమైన పని అనీ, అడిగితే చెప్పకూడదనీ. బాగా కుదిరిందనిపించింది.

ఇంటికి చేరిన మర్నాడు మావయ్య మా ఇంటికి వచ్చాడు. అమ్మ తలుపు పక్కన, నేను చాప మీద. నాన్నగారు పడకకుర్చీలో అటు తిరిగి కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నారు. నేను వచ్చినప్పట్నుంచీ ఆయన నా వైపు చూడలేదు. శేషు మంచినీళ్ళ చెంబు నా ముందు పెడుతూ, నాకొక్కడికే వినబడేలా అంది, "తుని వాళ్ళకి రేపు మాట చెప్పాలి. ఓడన్నావా, తుని. వంటన్నావా, అదీ తునే. రహస్యమన్నావా, నేనే తుని వెళ్ళిపోతాను."

నా దగ్గరున్న మూడు దారులూ మూసుకుపోయాయి. ఉన్నది చెప్పాను. సిగ్నల్ పని నేర్చుకుంటున్నాననీ, వంట తాత్కాలికమనీ, వంటవాళ్ళు ఓడల నుంచి రాగానే నన్ను మళ్ళీ పాఠాలకి పంపేస్తారనీ.

"మళ్ళీ యుద్ధమొస్తేనో?" అన్నాడు మావయ్య. "నిన్ను ఓడెక్కిస్తారా, గ్యాలీలో ఉంచుతారా?"

అలవాటు చొప్పున ఇక్కడ కొంచెం కలిపాను. "బాగా వండేవాణ్ణి చీఫ్ కుక్ ఎప్పటికీ వదలడు మావయ్యా. చేతకానివాణ్ణే ముందు ఓడెక్కించేస్తారు."

మావయ్య ఒక్క క్షణం ఆలోచించి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పప్పు మాడ్చావని ఊరందరికీ తెలుసు కదరా! అయితే నిన్ను ఎల్లుండే ఎక్కించేస్తారు. ఇంక పిల్లనేం ఇస్తాను?"

గదిలో విసనకర్ర ఆగింది.

"వాడు మాడ్చడు" అన్నారు నాన్నగారు, గోడవైపు చూస్తూనే.

"మాడిందని వాడే రాశాడు కదండీ బావగారూ."

"అది నన్నడక్క ముందు." నాన్నగారు కుర్చీ ఇటు తిప్పారు. "ఏరా, నేను రాశాక మాడిందా?"

మా మధ్య మాటలు ఆగిపోయాక ఆయన నన్ను పలకరించడం అదే మొదటిసారి. "లేదు నాన్నగారూ" అన్నాను.

"ఇసుక పోశావా?"

"పోశాను."

"ఉప్పు?"

"కుంచానికి నా గుప్పెడున్నర వేశాను. మీ గుప్పెడవుతుందని."

"సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆయన మావయ్య వైపు తిరిగారు. "అంతమంది తిని బాగుందన్న పప్పు వండాడు నా కొడుకు. ఓడెక్కిస్తే ఎక్కుతాడు, లేకపోతే ఒడ్డున వండుతాడు. తుని వాడికి ఇదేమైనా వచ్చా? రాకపోతే వాళ్ళకి రేపటిదాకా ఎందుకోయ్, ఇవాళే రాసెయ్యి. కార్డు నేనిస్తాను."

మావయ్య ఆ కార్డు తీసుకున్నాడు. మాఘమాసం వెళ్ళకముందే మా ఇళ్ళ మధ్య తాంబూలాలు అయ్యాయి. పెళ్ళినాడు పప్పు నాన్నగారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, పెళ్ళికొడుకుని అస్సలు.

చీఫ్ కుక్ నన్ను వదలడని మావయ్యకి ఇచ్చిన హామీ సంగతి కూడా రాయాలి. ఆ మరుసటి ఏడే నన్ను సిగ్నల్‌మన్‌గా ఓడెక్కించారు. చాలా ఏళ్ళు సముద్రం మీదే ఉన్నాను. తాటిచెట్టంత అలలు నిజంగా చూసింది అప్పుడే. మావయ్యకి రాసిన ఉత్తరాల్లో మాత్రం గ్యాలీలో పని చాలా ఎక్కువగా ఉందని రాసేవాణ్ణి. అన్నిసార్లూ ఎక్కువ చేసి రాసినవాణ్ణి, తక్కువ చేసి రాసింది ఆ ఉత్తరాల్లోనే.

ఉద్యోగం చివర్లో కొన్నేళ్ళు ట్రైనీలకి పాఠాలు చెప్పాను. దీపాలతో, జెండాలతో మాట మోసే పద్ధతి ఎలాగూ చెప్పాలి. దాంతోపాటు ఇంటికి ఉత్తరం రాయడం గురించి కూడా ఒక మాట చెప్పేవాణ్ణి, అది పాఠ్యక్రమంలో లేకపోయినా. క్షేమంగా ఉన్నానని రాస్తే ఇంట్లో ఎవరూ నమ్మరు. ధైర్యంగా ఉన్నానని రాస్తే ఇంకా హడలిపోతారు. కాబట్టి ఇంట్లోవాళ్ళకి బాగా తెలిసిన పని ఏదో ఒకటి అడగండి. ఊడిపోయిన గుండీ ఎలా కుట్టుకోవాలని అయినా సరే. వాళ్ళు జవాబు రాసే హడావుడిలో పడతారు, తిట్టుకుంటూ అయినా రాస్తారు. గుండీ కుట్టుకోవడానికి అవస్థ పడుతున్నవాడు బతికే ఉన్నాడని వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అందులో కొట్టేయడానికి సెన్సారుకి ఏమీ దొరకదు.